సగం వెలిగే సీరియల్ లైట్ల దండ గారికి

మహారాజశ్రీ లైట్ల దండ గారి సముఖానికి, ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే తమలో సగమే కుశలంగా ఉంది. దీపావళికి చూరుకి ఎక్కించాం. క్రిస్మస్ దాకా ఉంచేస్తే ఒకసారి నిచ్చెనెక్కితే రెండు పండగలు గట్టెక్కుతాయని ఇక్కడి తెలుగువాళ్ల లెక్క. దీపావళికి దివ్యంగా వెలిగారు. తీరా వీధంతా లైట్లు పెట్టి, జనం కార్లలో మెల్లగా చూసుకుంటూ పోతున్న శనివారం సాయంత్రం గరాజ్ వైపు సగం ఆరిపోయారు.

తమరి పెట్టె మీద ఏం రాసుంది? ఒక బల్బు పోయినా మిగతావి వెలుగుతాయని. పెట్టె దాచే ఉంచాను. రెండున్నర వోల్టుల బల్బులు 50 ఒక వరసలో కడితే ఇక్కడి 120 వోల్టులకి సరిపోతుంది, అలాంటి వరసలు రెండు కలిస్తే తమరు. ఫిలమెంటు తెగితే లోపలి సన్న తీగ కరెంటును దాటిస్తుంది, నిజమే. కానీ బల్బు కాస్త వదులైతే? ఆ తీగకే బద్ధకం వేస్తే? ఆ ముచ్చట పెట్టె మీద లేదు. ఒకడికి దగ్గొస్తే 49 మంది సెలవు పెట్టేశారు!

పోనీ, దగ్గొచ్చింది ఎవడికో చెబుతారా? అందరిదీ ఒకటే నల్లమొహం. ఒక్కొక్కడినీ గోళ్లతో పీకి, అడుగున వెంట్రుకంత తీగలు రెండూ సరిగ్గా మడతపడ్డాయో లేదో చూసి, మళ్లీ దూర్చాలి. మధ్యాహ్నమంతా అదే పని. తోకకి అంటించిన సంచీలో రెండంటే రెండు స్పేర్ బల్బులు. ఎంత ధర్మబుద్ధి!

1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకి 80 బల్బులు చేత్తో కట్టించి, ఆ చెట్టును గిరగిరా తిప్పాడు. అవి తిరుగుతూ కూడా వెలిగాయి. తమరు కదలకుండా కూర్చుని వెలగలేరా?

పక్కింటి గాలి నింపే శాంటా బొమ్మ పగలంతా పచ్చిక మీద బోర్లాపడి ఉంటాడు. కనీసం చీకటి పడేసరికి లేచి డ్యూటీ ఎక్కుతాడు. జనవరిలో లైట్లు తియ్యలేదని హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు పంపే ఉత్తరం కూడా ఏనాడూ సగం రాలేదు.

ఇక మర్యాద చాలు. వెలుగుతావా, కత్తెర తెమ్మంటావా? ఎల్‌ఈడీలు కొందామంటే మా ఆవిడ ఒప్పుకోదు, నీ పసుపు వెలుగే కావాలట. అందుకే బతికిపోయావు. రేపు నిన్ను తిప్పి కడుతున్నాను. వెలిగే సగం గుమ్మం మీద, ఆరిన సగం పెరటివైపు.