కథలో ఖాళీ లేని వర్క్‌షాపు కచేరీయే

నలుగురు సంగీత విద్యార్థులు పిల్లల కోసం కథ, సంగీతం కలిపి వర్క్‌షాపు పెడుతున్నారంటే ముందు అడగాల్సింది వాయిద్యాల జాబితా కాదు, స్క్రిప్టు. పిల్లలు ఏదో ఒకటి కల్పించాల్సిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టండి. 45 నిమిషాల స్క్రిప్టులో కనీసం 8 సున్నాలు పడలేదా, అది వర్క్‌షాపు కాదు. నేల మీద కూర్చోబెట్టి వినిపించే కచేరీ.

ఇందులో విద్యార్థుల దురుద్దేశమేమీ లేదు, అలవాటు అలాంటిది. రిహార్సల్‌లో ఎదురుగా పిల్లలు ఉండరు. ఖాళీ వచ్చిన ప్రతి చోటా ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని వయొలిన్‌తోనో వేణువుతోనో పూడ్చేస్తారు. ‘అడవిలో చీకటి పడింది. పొదలో ఏదో కదిలింది’ అని కథ చెప్పే అమ్మాయి అనగానే వయొలిన్ వణుకుతుంది. బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ పొదలో ఉన్నదేమిటో ఊహించే పని పిల్లల నుంచి లాగేసుకున్నట్టయింది. అదే ‘కదిలింది’ దగ్గర ఆగి, ‘ఎలా వినిపించింది?’ అని అడిగి చూడండి. ఒకరు డ్రమ్ము మీద గోరుతో గీస్తారు. ఒకరు పళ్ల సందుల్లోంచి గాలి ఊదుతారు. ఇంకొకరు ఏ చప్పుడూ చేయకుండా ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మూడూ అందరిచేతా చేయించి ఒకటి ఎంచుకోమనాలి. ఇక అక్కణ్నుంచి ఆ గోటి గీతే ఆ జంతువు పేరు. పది నిమిషాల తర్వాత ఎవరూ ఏమీ చెప్పకుండా ఆ గీత వినబడితే చాలు, తలలన్నీ అటు తిరుగుతాయి.

రష్యన్ స్వరకర్త సెర్గీ ప్రొకోఫీవ్ 1936లో పిల్లల కోసం రాసిన సంగీత కథ ‘పీటర్ అండ్ ద ఊల్ఫ్’లో ఈ కిటుకే వాడారు. పిట్టకు ఫ్లూట్, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తోడేలుకు మూడు హార్న్‌లు. మన విద్యార్థులు దాన్నుంచి పాత్రల సంఖ్యను అరువు తెచ్చుకుంటున్నారు. తెచ్చుకోవాల్సింది కథకుడి తీరు: చాలాచోట్ల ఒక మాట చెప్పి తప్పుకుంటాడు, ఆ తర్వాతే వాయిద్యం అందుకుంటుంది. మాట, వాద్యం ఒకదానిమీద ఒకటి పడితే వెనక వరుసకు రెండూ అందవు. ఇక పాత్రలంటారా, వినేవాళ్లకు ఏడైనా ఫర్వాలేదు, తామే వాయించే పిల్లలకు మూడు చాలు. నాలుగోదానికి గుర్తు పెట్టేసరికి ఆరేళ్ల పిల్లలు మొదటిది మరిచిపోతారు.

వర్క్‌షాపు చేయి జారేది ఎక్కువగా వాయిద్యాలు పంచే దగ్గరే. 25 మందికి 25 గిలక్కాయలు ఇచ్చారంటే ఆ తర్వాతి పది నిమిషాలూ గిలక్కాయలవే. చేతికి వాయిద్యం రాకముందే ఆపే సైగ నేర్పాలి. పిడికిలి బిగిస్తే నిశ్శబ్దం. మూడు నాలుగుసార్లు చప్పట్లతో ఆటగా ఆడిస్తే పట్టుబడుతుంది. ఆరు వాయిద్యాలు మధ్యలో పెట్టి, వంతులవారీగా ఇచ్చి, మిగతా అందరికీ చేతులు, తొడలు, నేల చాలు. వాన కావాలంటే అరచేతులు రుద్దడం, ఆపైన చిటికెలు, తొడల మీద తట్టడం, పాదాలతో నేల. వెలిసేటప్పుడు అదే వరుస వెనక్కి. సీసాలతో చేసిన గిలక్కాయల్లో గింజలు నాలుగో వంతుకు మించితే మోత మందగిస్తుంది. మూతకు టేపు చుట్టకపోతే కథ సగంలో గింజలు నేల మీదా, పిల్లలు గింజల వెంటా. చెక్క పట్టీల మీద కొట్టి వాయించే జైలోఫోన్ ఉంటే, జర్మన్ స్వరకర్త కార్ల్ ఆర్ఫ్ పిల్లలకు సంగీతం నేర్పిన పద్ధతిలో మ, ని పట్టీలు తీసేయండి. మిగిలేవి స రి గ ప ద, అంటే మన మోహన రాగం. వాటిలో ఏ రెండూ అర్ధస్వరం దూరంలో, అంటే మరీ పక్కపక్కన, ఉండవు కాబట్టి ఎవరు ఏది కొట్టినా చెవికి గుచ్చుకోదు. పాటను మగగొంతు తన స్థాయిలోనే ఎత్తుకుంటే సగంమంది పిల్లలు ఆ కింది స్వరాల కోసం గొణుగుతారు. పై స్థాయిలో వేణువు మీద వినిపించడం మేలు.

నలుగురిలో ఒకరిది కథ, ఒకరిది సైగలు, ఒకరిది శ్రుతి. నాలుగో మనిషి చేతిలో ఏమీ ఉండకూడదు. చెవులు మూసుకున్న పాపను కాస్త దూరంగా కూర్చోబెట్టేది, వంతు రాని పిల్లాణ్ని గమనించేది ఆ మనిషే. విద్యార్థి బృందాలు ముందు ఎగరగొట్టేదీ ఆ మనిషినే, ఇంకో వాయిద్యం కలుస్తుంది కదా అని.

ఇదే వర్క్‌షాపు వృద్ధుల కోసం పెడితే 12 మందికి మించొద్దు. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు రెండు చప్పుళ్లు కలిస్తే రొదే, కాబట్టి ఒక్కొక్కటిగా వినిపించాలి. కథ మీరు తీసుకెళ్లకండి. వాళ్ల దగ్గరే ఉంటుంది.

సంగీతానికి కథ తగిలిస్తే పిల్లలు సంగీతాన్ని సంగీతంగా వినడం మానేస్తారన్న అభ్యంతరం ఒకటుంది. కొట్టిపారేయదగింది కాదు. అమెరికన్ స్వరకర్త, వాద్యబృంద నిర్దేశకుడు లెనార్డ్ బెర్న్‌స్టైన్ 1958 జనవరిలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో మొదలుపెట్టిన తన పిల్లల టీవీ కచేరీల్లో మొట్టమొదటిదాన్ని దీనికే కేటాయించారు. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ సంగీత రచన ‘డాన్ కిహోటే’కు సూపర్‌మ్యాన్ కథ ఒకటి అతికించి, అది చక్కగా అతికాక, అసలు కథ వేరే ఉందని బయటపెట్టారు. అంతా నిజమే. కానీ ఆ దెబ్బ పైనుంచి అతికించిన కథకే తగులుతుంది. పిల్లలు తమ చేత్తో గుర్రపు డెక్కలకని కొట్టిన దెబ్బలనే కాసేపటికి భయపడ్డవాడి గుండెకు వాడతారు. ఒకే చప్పుడు రెంటికీ సరిపోయిందని గమనించి నవ్వుతారు. బెర్న్‌స్టైన్ మాటల్లో చెప్పిందాన్ని వాళ్లు అరచేత్తో కనిపెట్టినట్టే కదా!

అసలు రోగం వర్క్‌షాపులో లేదు, సంగీత కళాశాల పరీక్షలో ఉంది. ఏళ్ల తరబడి విద్యార్థి వాయించేది ముందు వరుసలో కాగితం పట్టుకుని కూర్చున్న ముగ్గురి కోసం. ఆగితే మరిచిపోయాడంటారు, ఎదుటివాళ్లను అడిగితే తెలియదంటారు. అలా తయారైన మనిషిని పాతికమంది పిల్లల మధ్య నిలబెట్టి, మార్కులు లేని ‘సేవ’ కింద రాసుకుంటే ఏం నేర్చుకుంటాడు? తరగతి గదుల్లో ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించారు. మూడు సెకన్లు ఆగిన చోట జవాబులు పొడవయ్యాయి. ఆగడమంటే వేగంగా వాయించడంలా సాధన చేయాల్సిన విద్య. కాబట్టి చివరి ఏడాది కచేరీ మార్కుల్లో సగం ఈ వర్క్‌షాపుకు ఇవ్వండి. పరీక్షకులు పిల్లలతోపాటే నేల మీద కూర్చోవాలి. వాళ్ల కాగితంలో రాగానికీ తాళానికీ గడులు ఎలాగూ ఉంటాయి. పక్కనే ఇంకో రెండు గీయాలి: ప్రశ్న వేశాక ఎన్ని సెకన్లు ఆగాడు, పిల్లలు ఇచ్చిన చప్పుళ్లలో ఎన్ని కథ చివరిదాకా ఉన్నాయి.