స్కూలు గేటుకు 50 మీటర్లు

సాయంత్రం బడి వదిలే వేళ ఏ గేటు దగ్గరైనా నిలబడి చూడండి. గంట మోగిన ఐదు నిమిషాల్లో పిల్లలు చిప్స్, కూల్‌డ్రింకుల కొట్టు చుట్టూ మూగుతారు. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. ఆ 50 మీటర్లు టేపు పెట్టి కొలిచిన అధికారి మాకైతే ఇంతవరకు తారసపడలేదు.

పిల్లాడు బొద్దుగా ఉంటే ముద్దుగా ఉన్నాడంటాం. లెక్కలు అంత ముద్దుగా లేవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 0.7 శాతం, 2019-21 నాటికి 3.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 1.2 నుంచి 2.7కు పెరిగింది.

ప్రభుత్వాల తీరు చూస్తే తల తిరుగుతుంది. తిండిలో చక్కెర ఎంతుందో పిల్లలకు తెలిసేలా బోర్డులు పెట్టాలని 2025 మేలో సీబీఎస్‌ఈ బడులను ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో బిస్కట్లు, చాక్లెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. గోడకు ఇవతల చక్కెర బోర్డు, అవతల చాక్లెట్ చవక! ఈ తినుబండారాల ప్రకటనలు అచ్చేసే పత్రికలకూ ఇందులో వాటా ఉంది, కాదనం.

ఫ్రాన్స్‌లో ఫ్లూర్బే, లావంతీ అని రెండు చిన్న ఊళ్లున్నాయి. 1992లో అక్కడి బడుల్లో పోషకాహార పాఠాలు మొదలుపెట్టారు. ఆ పాఠాలు ఇళ్లకు పాకాయి. తర్వాత మేయర్లు, డాక్టర్లు, వ్యాపారులు, క్రీడా సంఘాలు చేతులు కలిపారు. 2004లో అక్కడి పిల్లల్లో అధిక బరువు 8.8 శాతం ఉంటే, పోల్చి చూసిన పక్క ఊళ్లలో 17.8. ఏళ్లు పట్టింది, ఊరంతా పట్టుకుంటేనే అయింది.

మన దగ్గర ఆ పని ఎవరు చేయాలి? ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో తల్లిదండ్రుల కమిటీలను చట్టమే పెట్టించింది. ప్రైవేటు బడులకు ఆ షరతు లేదు. అధిక బరువు సమస్య ఎక్కువగా కనిపించేదేమో పట్టణాల్లోని కలిగిన ఇళ్లలో. విద్యాహక్కు చట్టం ఆటస్థలం ఉండాలంటోంది, బడేమో షాపుల పైన మూడో అంతస్తులో నడుస్తోంది. గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సారు తీసేసుకుంటారు. ఇంటికొస్తే అపార్ట్‌మెంట్ సెల్లార్లో ‘ఇక్కడ ఆడరాదు’ అన్న బోర్డు.

బండివాళ్లను తరిమేయమని మేం అనడం లేదు. ఒకప్పుడు వాళ్లే జామకాయలు, ఉడకబెట్టిన పల్లీలు, మొక్కజొన్న పొత్తులు అమ్మేవారు. అడిగి కొనేవాళ్లుంటే మళ్లీ అమ్ముతారు. క్లాసులో అందరి ముందూ పిల్లల్ని బరువు తూచి సిగ్గుపడేలా చేయడం మాత్రం వద్దు.

ప్రైవేటు బడుల్లోనూ తల్లిదండ్రుల కమిటీలు తప్పనిసరి చేసి, క్యాంటీను, గేటు, గేమ్స్ పీరియడ్ వాటి పరిశీలనలో పెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ ఉత్తర్వులివ్వాలి. అంతదాకా ఆగక్కర్లేదనుకునే తల్లిదండ్రులు ఫీజు కట్టే రోజునే టైంటేబుల్ చూపించమని అడగవచ్చు.