పది శాతం లోపు కాపీకి ఎవరూ అనుమతి ఇవ్వలేదు

"థీసిస్, ప్రాజెక్ట్ రాసేవారికి ఎనిమిది బంగారు సూత్రాలు" అనే మెసేజ్ మళ్లీ బయల్దేరింది. విశాఖలో స్కాలర్ల గ్రూపు ఏది తెరిచినా అదే కనిపిస్తోంది. పంపుతున్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, జూనియర్లకి సాయం చేస్తున్నామనుకునే పంపుతున్నారు. కోపం అందుకే వస్తోంది. ఆ మాటలు నమ్మి, ఏళ్ల తరబడి కష్టపడిన పిల్ల థీసిస్ వెనక్కి వస్తే, ఫార్వర్డ్ చేసిన అన్నయ్యగానీ అక్కగానీ ప్యానెల్ ముందు నిలబడరు. అందుకని ఒక్కొక్కటీ చూద్దాం.

"యూజీసీ పది శాతం వరకు కాపీని ఒప్పుకుంది. అంతలోపు వస్తే ఎవరూ ఏమీ అనలేరు."

ఒప్పుకోలేదు. 2018 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనలు చెప్పింది సిమిలారిటీ, అంటే ఇతరుల రాతతో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టే పోలిక, పది శాతం దాటకపోతే శిక్ష ఉండదని. పది దాటి నలభై వరకు ఉంటే గరిష్ఠంగా ఆరు నెలల్లోగా సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై వరకు అయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ అంకెలు అందరికీ కంఠతా వచ్చు. వాటి పక్కనే ఉన్న వాక్యాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు: సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, సిఫార్సులు సొంత ఆలోచనలై ఉండాలి, వాటిలో పోలికే ఉండకూడదు. అందరికీ తెలిసిన విషయాలకి, యాదృచ్ఛికంగా కలిసిన మాటలకి మాత్రం వరసగా పద్నాలుగు పదాల వరకు మినహాయింపు. రెండు వందల పేజీల థీసిస్‌లో నాలుగు శాతం అంటే ఎనిమిది పేజీలు. ఆ ఎనిమిదీ వేరొకరి ఫలితాల చాప్టర్ నుంచి ఎత్తినవైతే నాలుగు శాతం అన్న అంకె మిమ్మల్ని కాపాడదు.

డిగ్రీ చేతికొచ్చాక గండం గడిచినట్టూ కాదు. థీసిస్ శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్) అందరికీ కనిపించేలా ఉంటుంది. విద్యారంగంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఆధారాలతో డిపార్ట్‌మెంట్ ప్యానెల్‌కి ఫిర్యాదు చేయవచ్చు. కాపీ అని తేలితే ఇచ్చిన డిగ్రీని కూడా నిలిపి ఉంచే అధికారం అదే నిబంధనల్లో ఉంది.

"ప్రతి వాక్యంలో మూడు నాలుగు మాటలు మారిస్తే అది మీ సొంతం. ఓపిక లేకపోతే పారాఫ్రేజ్ టూల్‌లో పెట్టండి."

ఎనిమిదిలోకీ ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ఎలా చేస్తుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. వాక్యాలు ఇందుకోసం అల్లినవే. ఒక పుస్తకంలో ఇలా ఉందనుకోండి:

"డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రానికి అడ్డుగా నిలవడం వల్ల విశాఖ రేవుకు తుపాను గాలుల నుంచి రక్షణ దొరికింది. 1933లో రేవు మొదలైన తర్వాతే ఈ ఊరు చేపల పల్లె రూపం వదిలి వ్యాపార నగరంగా మారింది."

బంగారు సూత్రం ప్రకారం మారిస్తే:

"డాల్ఫిన్స్ నోస్ పర్వతం సాగరానికి అవరోధంగా నిలబడటంతో విశాఖ పోర్టుకు తుపాను పవనాల నుంచి భద్రత లభించింది. 1933లో పోర్టు ప్రారంభమయ్యాకే ఈ పట్టణం మత్స్యకార గ్రామ స్వరూపాన్ని విడిచి వాణిజ్య నగరంగా పరిణమించింది."

పదాలు చాలావరకు మారాయి. వాక్యాల వరస మారలేదు, కారణం మారలేదు, నిర్ణయం మారలేదు. పాత గోడకి కొత్త సున్నం వేశారంతే. ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. "తర్వాతే" అన్న మాట ఆ రచయిత వాదన. పేరు చెప్పకుండా తెచ్చుకున్న క్షణం నుంచి అది మీ వాదన అయింది. వైవాలో ఎగ్జామినర్ అడుగుతారు: వాల్తేరుకి 1890లలోనే రైలు వచ్చింది కదా, భీమిలి రేవులో అంతకు ముందు నుంచే వ్యాపారం నడిచింది కదా, మరి 1933 తర్వాతే అని ఎలా అంటున్నారు? జవాబు మీ దగ్గర ఉండదు. మాటలు మార్చారు తప్ప విషయం గురించి ఆలోచించలేదు కాబట్టి.

అదే విషయాన్ని చదివి అర్థం చేసుకున్నవాళ్లు ఇలా రాస్తారు: "నగరం ఎదుగుదలలో ఫలానా రచయిత (2012, పే. 48) రేవుకే మొదటి స్థానం ఇస్తారు. కొండ వల్ల రేవు, రేవు వల్ల వ్యాపారం అన్నది ఆయన వాదన. అంతకు నలభై ఏళ్ల ముందే వచ్చిన రైలుకి ఈ వరసలో చోటెక్కడో ఆయన చెప్పలేదు." ఇందులో ఆయనది ఎంతో, మీది ఎంతో గీత గీసినట్టు కనిపిస్తోంది. రెఫరెన్స్ చేసే పని అదే.

దీనికి పద్ధతి ఉంది, కష్టమైనదేమీ కాదు. పేజీ రెండుసార్లు చదివి మూసేయండి. నాలుగైదు ముక్కల్లో నోట్ రాసుకోండి. పేజీ నంబరు అప్పుడే, ఆ నోట్ పక్కనే వేయండి. వాక్యం రాసేటప్పుడు పుస్తకం కాదు, నోట్ మాత్రమే ముందుండాలి. రాశాక మూలం తెరిచి పోల్చండి. ఆలోచనల వరస అచ్చంగా అలాగే వచ్చినా, నాలుగైదు మాటలు వరసగా కలిసినా తిరగరాయండి. ఆ మాటలే కావాలనుకుంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టి పేజీ నంబరు ఇవ్వండి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) రెఫరెన్స్ పద్ధతిలో నలభై పదాలు, అంతకు మించిన ఉల్లేఖనకి కొటేషన్ గుర్తులు ఉండవు, దాన్ని విడి పేరాగా లోపలికి జరపాలి.

నోట్స్‌లో మూడు రకాలు ఎప్పుడూ కలవకూడదు: అక్షరం మార్చకుండా దించుకున్నది, మీ మాటల్లో కుదించుకున్నది, మీకు తోచినది. మూడింటికీ మూడు రంగులు పెట్టుకున్నా సరే, మూడు గుర్తులు పెట్టుకున్నా సరే. దొంగతనం ఉద్దేశం లేకుండా పట్టుబడేవాళ్లలో చాలామంది ఇక్కడే జారతారు. పీడీఎఫ్ నుంచి ఒక పేరా వర్డ్ ఫైల్‌లో పేస్ట్ చేస్తారు, మూలం రాయరు, నెలల తర్వాత తెరిస్తే అది తమ రాతలాగే కనిపిస్తుంది.

ఇక వాక్యాన్ని వేరే మాటల్లోకి మార్చే పారాఫ్రేజ్ టూల్స్. ఫ్రాన్స్‌కి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త గిలోమ్ కబనాక్, ఆయన సహచరులు 2021లో ఒక సంగతి బయటపెట్టారు. అచ్చయిన పరిశోధన పత్రాల్లో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని ఉండాల్సిన చోట "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" (నకిలీ స్పృహ) అనీ, బ్రెస్ట్ క్యాన్సర్ అని ఉండాల్సిన చోట "బూజమ్ పెరిల్" (రొమ్ము ప్రమాదం) అనీ కనిపించాయి. ఎత్తిన వాక్యాన్ని టూల్‌లో పెట్టినప్పుడు అది సాంకేతిక పదానికి కూడా పర్యాయపదం వేసేసింది. ఇప్పుడు ఆ మాటలే కాపీకి ఆనవాళ్లు. వాటిని వెతికి పట్టుకోవడానికి ప్రత్యేకంగా ప్రోగ్రాములున్నాయి, అలా దొరికి వెనక్కి తీసుకున్న పత్రాలున్నాయి.

పేజీకి ఇంతని తీసుకుని "పర్సెంటేజ్ తగ్గిస్తాం" అనే డీటీపీ షాపుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లీషు 'ఎ' అక్షరం స్థానంలో అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెట్టడం, తెల్ల రంగులో కనబడని అక్షరాలు జొప్పించడం, పేరాని బొమ్మగా మార్చడం, ఇవీ అక్కడ జరిగే పనులు. కాపీని పట్టే టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్ మార్చిన అక్షరాలనీ, దాచిన రాతనీ విడిగా జెండా వేసి చూపిస్తుంది. అప్పటిదాకా "తెలియక జరిగింది" అని చెప్పుకునే అవకాశం ఉన్న విద్యార్థి, డబ్బిచ్చి మరీ ఆ అవకాశం పోగొట్టుకుంటున్నారు.

"నెట్‌లో ఉన్నది అందరిదీ. వికీపీడియాకీ, కాపీరైట్ తీరిన పుస్తకాలకీ రెఫరెన్స్ అక్కర్లేదు."

కాపీరైట్ వేరు, ఇది వేరు. వికీపీడియా రాతను ఎవరైనా వాడుకోవచ్చు, కానీ మూలం చెప్పాలన్నది దాని లైసెన్స్‌లోనే ఉన్న షరతు. గురజాడ 1915లో పోయారు, కాపీరైట్ ఎప్పుడో తీరింది. అంతమాత్రాన గిరీశం మాట మీ మాట అయిపోదు. పైగా కన్యాశుల్కానికి 1897 నాటి ప్రతి ఒకటి, బాగా పెంచి మార్చిన 1909 ప్రతి ఒకటి ఉన్నాయి. ఏ ప్రతో చెప్పకుండా డైలాగ్ ఉటంకిస్తే చదివేవాళ్లు దాన్ని ఎక్కడని వెతుక్కోవాలి?

రెఫరెన్స్ అక్కర్లేనివి ఉన్నాయి. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిందని రాయడానికి ఎవరి పేరూ ఇవ్వక్కర్లేదు. ఆ రోజు గాలి వేగం ఎంతో, ఎన్ని చెట్లు కూలాయో రాస్తే మాత్రం ఆ అంకె ఎవరు లెక్కగట్టారో చెప్పాలి. వేరేవాళ్ల పట్టికలోని అంకెలతో ఎక్సెల్‌లో మీరే గ్రాఫ్ గీసినా కింద "ఫలానా వారి అంకెల ఆధారంగా" అని ఉండాల్సిందే.

"ఇంగ్లీషు పేపర్‌ని తెలుగులోకి మార్చితే సాఫ్ట్‌వేర్ పట్టదు, కాబట్టి తప్పు కాదు."

పట్టకపోవచ్చు, నిజమే. తెలుగులో పాత థీసిస్‌లు చాలావరకు పాత డీటీపీ ఫాంట్లయిన అను ఫాంట్లలో కొట్టినవి. వాటి పీడీఎఫ్ నుంచి అక్షరాలు బయటికి తీస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. స్కాన్ చేసి పెట్టినవైతే వట్టి బొమ్మలు. అలాంటి వాటితో పోల్చి చూసినా సిమిలారిటీ సున్నా రావచ్చు. కానీ సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు కాబట్టి తప్పు కాదనడం ఏ తర్కం? తెలుగు థీసిస్‌ని చదివే బయటి ఎగ్జామినర్ ఆ రంగంలో ముప్ఫై ఏళ్లుగా చదువుతున్నవారు. పేరా చూడగానే అది ఏ పుస్తకంలోదో గుర్తుపట్టగలరు. అనువాదం చేసుకోండి, తప్పేం లేదు. రచయిత పేరు, ఏడాది, పేజీ ఇచ్చి "అనువాదం నాది" అని ఒక్క మాట చేర్చండి. దానివల్ల మీ గౌరవం పెరుగుతుంది.

"చివర్లో యాభై పుస్తకాల జాబితా పెడితే చాలు, మధ్యలో అక్కర్లేదు." చాలదు. ఏ వాక్యం ఎక్కడిదో చెప్పని జాబితా వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. చదవని పుస్తకాన్ని అందులో చేర్చడం అబద్ధం. ఒక పుస్తకంలో ఇంకొకరి మాట చూసి, అసలు పుస్తకం దొరక్కపోతే "ఫలానా పుస్తకంలో ఉటంకించినది" అనే రాయాలి. మనవాళ్ల పేర్లతో ఇంకో తిప్పలుంది. రెఫరెన్సులు పేర్చిపెట్టే జొటెరోలాంటి సాఫ్ట్‌వేర్ చివరి మాటని ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో జాబితాలో డజన్ల కొద్దీ "రావు, కె."లు, "రెడ్డి, పి."లు తయారై ఎవరు ఎవరో తెలియదు. పేరు గడిని ఒకే గడిగా మార్చి, ఇంటిపేరుతో సహా పుస్తకం మీద ఎలా ఉందో అలా కొట్టండి.

"మీ పాత పేపర్ మీదే, ఎలాగైనా వాడుకోండి." వాడుకోవచ్చు, ముందు అచ్చయిందని చెప్పి. చెప్పకుండా తిరిగి వాడడం ఒప్పుకోబోమని యూజీసీ 2020 ఏప్రిల్‌లోనే నోటీసు ఇచ్చింది.

"రెఫరెన్సులు ఏఐని అడిగితే ఏపీఏలో రెడీగా ఇస్తుంది."

ఇస్తుంది. అందులో లేని పేపర్లు కూడా ఉంటాయి. రచయిత నిజం, పత్రిక నిజం, శీర్షిక మాత్రం కల్పితం. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన కేసులు కోర్టు కాగితాల్లో పెట్టారు. ఆ కేసులు ఎక్కడా లేవు. ఐదు వేల డాలర్ల జరిమానా పడింది. డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉన్న ప్రతి రెఫరెన్స్‌కీ ఆ నంబరు తీసుకుని డీఓఐ సైట్‌లో వేసి చూడండి. తెరుచుకున్న పేపర్ శీర్షిక మీ దగ్గరున్నదేనా అని కూడా చూడండి, ఎందుకంటే నంబరు నిజమైనదై వేరే పేపర్‌కి వెళ్లే సందర్భాలున్నాయి. ఆ తర్వాత పీడీఎఫ్ తెరిచి, మీరు రాసిన సంగతి అందులో ఏ పేజీలో ఉందో వెతకండి. దొరక్కపోతే ఆ రెఫరెన్స్ తీసేయండి.

మిగిలింది "మెథడ్స్ భాగం అందరిదీ ఒకేలా ఉంటుంది, దానికి భయపడకండి" అన్న మాట. ఇది నిజం. ఒక రసాయన పరీక్షనో, గణాంక పద్ధతినో వంద మంది రాస్తే వందా దగ్గర దగ్గరగానే ఉంటాయి. మాటలు మార్చబోతే అర్థమే చెడుతుంది. పద్ధతి మొదట ఎవరిదో చెప్పి, ఉన్నదున్నట్టు రాసి, మీరు మార్చిన కొలతలు మాత్రం విడిగా చూపించండి. అక్కడ వచ్చే సిమిలారిటీని చూసి విద్యార్థిని కేకలేసే గైడ్‌దే పొరపాటు. ఇంకా ఒప్పుకోవాల్సింది ఉంది. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చి, మొదటిసారి ఇంగ్లీషులో రెండు వందల పేజీలు రాసే పిల్లలకి ఇదంతా ఎవరూ నేర్పడం లేదు. సిమిలారిటీ రిపోర్ట్ చివరి నెలలో తీసి, శాతం చూపించి, తగ్గించుకు రమ్మంటారు. ఎలాగో చెప్పరు. ఇలాంటి మెసేజ్‌లకి గిరాకీ అక్కడి నుంచే వస్తోంది.

ఇప్పటికే ముప్ఫై ఎనిమిది శాతం వచ్చి కంగారుపడుతున్నవాళ్లు ముందు శాతాన్ని పక్కన పెట్టండి. రిపోర్ట్‌లో బిబ్లియోగ్రఫీ, కొటేషన్లు మినహాయించారో లేదో అడగండి. నిబంధనలు వాటిని మినహాయించమనే చెబుతున్నాయి. తర్వాత మూలాల వారీగా చూడండి. ఇరవై ముప్ఫై చోట్ల అర శాతం చొప్పున వచ్చినవి చాలావరకు మామూలు పదబంధాలే. ఒకే మూలం నుంచి ఆరు శాతం, ఎనిమిది శాతం వచ్చినవే అసలు పని. ఆ పేరాలు చెరిపేసి, మూలం మళ్లీ చదివి, మూసేసి, మొదటి నుంచి రాయండి. చాప్టర్‌కి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజులు గైడ్‌ని అడిగి తీసుకోండి.