పోకర్‌లో నైపుణ్యం అర్ధరాత్రి దాకానే

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి ఈ దారి పరిచయమే. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక ఎవరో ఒకరు "పోదామా?" అంటారు. ఇద్దరు కారెక్కుతారు. ఐ-35 మీద ఉత్తరానికి డెంటన్, గెయిన్స్‌విల్ దాటి రెడ్ రివర్ వంతెన ఎక్కితే టెక్సాస్ అయిపోయి ఓక్లహోమా మొదలవుతుంది. వంతెన దిగిన కాసేపటికే థాకర్‌విల్‌లో విన్‌స్టార్ కాసినో. టెక్సాస్ చట్టం ఇలాంటి కాసినోలకు ఒప్పుకోదు. ఆ లోటు మీదే చికసా నేషన్ అనే ఆదివాసీ తెగ నడిపే ఈ కాసినో ప్రపంచంలోని అతిపెద్దవాటిలో ఒకటిగా ఎదిగింది.

లోపలికి వెళ్లాక దారులు వేరవుతాయి. స్లాట్ మెషీన్ల వైపు వెళ్లేవాళ్లను పోకర్ గదికి వెళ్లేవాళ్లు కాస్త చిన్నచూపే చూస్తారు. "అది జూదం, ఇది ఆట" అంటారు. ఆ మాట ఉత్త బుకాయింపేం కాదు. పోకర్‌లో మనం కాసినో మీద ఆడం. టేబుల్ చుట్టూ కూర్చున్న తొమ్మిది మందీ ఒకరి మీద ఒకరు ఆడతారు. ఎదుటివాడి కంటే బాగా ఆలోచించేవాడికి, ఓపిక ఉన్నవాడికి పోనుపోను డబ్బు మిగులుతుంది. కానీ ఆ నైపుణ్యం ఉండేది ఆడేవాడి బుర్రలో, అదీ బుర్ర పనిచేసే గంటల్లో. వారమంతా ఆఫీసు పని చేసి, శుక్రవారం పదింటికి టేబుల్ ఎక్కి, తెల్లవారుజామున లేచేవాడు పోకర్ ఆడేది మొదటి రెండు గంటలే. ఆ తర్వాత అతను ఆడేది ఇందాక చిన్నచూపు చూసిన స్లాట్ మెషీనే.

చట్టాలు మాత్రం ఆటను చూస్తాయి తప్ప గడియారాన్ని చూడవు. ఆదివాసీ కాసినోలకు దారి వేసిన 1987 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు కాలిఫోర్నియాలోని కబజాన్ అనే చిన్న తెగ కేసులో వచ్చింది. వాళ్లు నడిపింది బింగో, దాంతోపాటు పోకర్ ఆడే ఒక కార్డ్ క్లబ్. మరుసటి ఏడాదే అమెరికన్ కాంగ్రెస్ దీనిమీద చట్టం చేసింది. ఓక్లహోమా ఓటర్లు 2004లో ఆమోదించిన చట్టంలో, కాసినో తాను పందెం కాయని పేకాటలకు విడిగా చోటు దొరికింది. అంటే పోకర్‌కే. చక్రం తిప్పే రౌలెట్, పాచికల ఆట క్రాప్స్ లాంటివి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

మన దగ్గరా తర్కం ఇదే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పెట్టిన కేసులో మన సుప్రీంకోర్టు 1967లో రమ్మీకి ఓ గౌరవం ఇచ్చింది. అది మూడు ముక్కలాట లాంటిది కాదని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో, ఏది ఉంచుకోవాలి ఏది వదలాలి అన్నదాంట్లో నేర్పు ఉందని చెప్పింది. దశాబ్దాలపాటు క్లబ్బులు ఆ తీర్పు నీడలోనే బతికాయి. తర్వాత ఆన్‌లైన్ వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025లో కేంద్రం నేర్పు, అదృష్టం అన్న తేడా చూడకుండా అన్నిటినీ కలిపి నిషేధించింది. నేర్పు వాదం మన దేశంలో ఆన్‌లైన్ వరకు ఓడిపోయినట్టే. టేబుల్ దగ్గర మాత్రం ఇంకా బతికే ఉంది.

పైగా మనవాళ్లు పోకర్‌కు రమ్మీ నుంచి వస్తారు. పెళ్లిళ్లలో, సెలవుల్లో పదమూడు ముక్కలాట చూస్తూ పెరిగిన చేతులు. రమ్మీలో చేతికొచ్చిన ముక్కలు బాగా లేకపోయినా ఒక్కొక్కటే తీసుకుంటూ, వేస్తూ చేతిని బాగు చేసుకోవచ్చు. "వస్తుంది, ఆగు" అన్న నమ్మకానికి అక్కడ కొంత ఆధారం ఉంది. పోకర్‌లో ఇక్కడ ఆడే హోల్డెమ్ అనే రకంలో మనకిచ్చిన రెండు ముక్కలు మారవు. మధ్యలో పరిచే ఐదూ అందరివీ. ఒకే గుర్తువి ఐదు కుదిరితే అది బలమైన చేయి. నాలుగు ఆఠీన్లు కుదిరి ఐదోదాని కోసం చూస్తున్నవాడికి, చివరి ముక్కలో అది పడే అవకాశం దాదాపు ఐదింట ఒకటి. రమ్మీ చేతికి ఇది లెక్క తెలియక కాదు, తెలిసినా మింగుడుపడదు. పోకర్‌లో నైపుణ్యమంటే వచ్చిన చేతుల్లో ముప్పావు వంతు పడేసి ఊరుకోవడమే. మనవాళ్లు అంత దూరం కారు నడుపుకుని వచ్చింది పడేసి ఊరుకోవడానికి కాదు.

ఒక రాత్రి అంటే ఎంత? డీలర్ ఉన్న టేబుల్ మీద గంటకు పాతిక నుంచి ముప్పై చేతులు, అంటే అన్నిసార్లు ముక్కలు పంచడం, పడతాయి. ఆరు గంటలు కూర్చుంటే నూట యాభై పైచిలుకు. రెండు ఆసులు కలిసి రావడానికి సగటున 221 చేతులు పడుతుంది. కాబట్టి రాత్రంతా కూర్చున్నవాళ్లలో దాదాపు సగం మంది ఆసుల జత మొహం చూడకుండానే ఇంటికెళ్తారు. వచ్చినా, ఎదురుగా రాజుల జత ఉంటే ఐదింట ఒకసారి దాకా ఆసులే ఓడతాయి. ఆటలో పండినవాళ్లు గంటకు నాలుగైదు బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే వంతులవారీగా తప్పనిసరిగా పెట్టే పందెం) మిగిలినా బాగుందనుకుంటారు. అదే ఒక్క రాత్రిలో వంద, రెండు వందల బ్లైండ్లు ఇటో అటో ఊగడం మామూలు. ఏడాది ఆడితే నేర్పు బయటపడుతుంది. ఒక్క రాత్రిలో కనిపించేది ఆ ఊగిసలాటే.

దీనికి నిద్ర తోడైతే ఏమవుతుందో వైద్య పరిశోధన ఎప్పుడో చెప్పింది. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి తీరు, రక్తంలో మద్యం 0.05 శాతం ఉన్నవాడి తీరులా ఉంటుంది. ఇరవై నాలుగు గంటలైతే 0.10. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కారు నడపడానికి హద్దు 0.08. పొద్దున ఏడింటికి లేచినవాడికి అర్ధరాత్రికే పదిహేడు గంటలు నిండుతాయి. ఒక్క బీరు తాగకపోయినా.

ఇది నేను పక్క సీట్లోంచి చూశాను. నాతో వచ్చిన మిత్రుడు నాకంటే బాగా ఆడతాడు, లెక్కల మనిషి. పదిన్నర ప్రాంతంలో అతనికి ఆసు, జాకీ వచ్చాయి. మధ్యలో పడిన మూడింట్లో జాకీ ఉంది, మూడూ కళావర్లే. అరగంటగా ఒక్క చేయీ ఆడకుండా కాఫీ తాగుతున్న టోపీ పెద్దాయన ఉన్నట్టుండి పెద్ద మొత్తం ముందుకు నెట్టాడు. మావాడు రెండు క్షణాలు చూసి, ముక్కలు పడేసి, ఫోన్ తీశాడు. చక్కటి పని. మూడు దాటాక అలాంటి చేయే వచ్చింది. రాజు, జాకీ. మధ్యలో జాకీతో పాటు మూడు ఆఠీన్లు. అదే పెద్దాయన, అదే తీరు. ఈసారి మావాడు తన రెండు ముక్కల మూలలెత్తి రెండుసార్లు చూసుకున్నాడు, అవేవో మారినట్టు. చిప్స్ దొంతర పెట్టి, కూల్చి, మళ్లీ పెట్టాడు. "వీడి దగ్గర ఉందంటావా మామా?" అని నన్నడిగాడు. డీలర్ వెంటనే "ఇంగ్లిష్ ప్లీజ్" అంది. చేయి నడుస్తుండగా పక్కవాళ్లకు తెలియని భాషలో మాట్లాడకూడదన్నది చాలా పోకర్ గదుల్లో నియమం. మావాడు నూట నలభై డాలర్లు పెట్టాడు. పెద్దాయన ఆఠీన్లు చూపించాడు. బయటికొచ్చాక మావాడు అన్నది ఒకటే: "ఉందని తెలుసురా. కానీ చూడాలనిపించింది."

లెక్క తెలుసు, ఎదుటివాణ్ని చదవడమూ తెలుసు. కోర్టులు నైపుణ్యం అని దేన్నంటాయో అదంతా అతనిలో చెక్కుచెదరకుండా ఉంది. పడేసి ఊరుకునే బలం మాత్రం పదకొండు తర్వాత ఎప్పుడో జారిపోయింది.

స్నేహితుడు తోడుంటే అదుపు ఉంటుందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నాకు అలా అనిపించదు. ఇద్దరు, ఒక కారు. ఒకడు గెలుస్తుంటే లేద్దామంటాడు, ఓడుతున్నవాడు ఆగమంటాడు. గెలిచినవాడు లేస్తే స్వార్థం, ఓడినవాడు లేస్తే పిరికితనం. "బ్లైండ్స్ వచ్చేదాకా", "అసలు వస్తే చాలు" అని ఒక్కో గంటా జరుగుతుంది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్న మాటకు టేబుల్ దగ్గర ఉన్నంత పలుకుబడి మరెక్కడా లేదు. జేబు ఖాళీ అయితే స్నేహితుడే ఏటీఎం, మర్నాడు ఫోన్‌లో డబ్బు పంపే జెల్‌లో పంపిస్తే సరిపోతుంది. మొదటి జూదంలో పోయినవన్నీ ధృతరాష్ట్రుడు తిరిగిచ్చాక ధర్మరాజు ఇంద్రప్రస్థానికి బయల్దేరాడు కూడా. దారిలో మళ్లీ కబురొచ్చింది, వెనక్కొచ్చి కూర్చున్నాడు. అరణ్యవాసం ఆ రెండో ఆట వల్లే. పార్కింగ్ దాకా వెళ్లి వెనక్కొచ్చినవాళ్లు మనలో తక్కువేం లేరు. ఆ తర్వాత, నిద్రమత్తులో హైవే మీద గంటకు పైగా డ్రైవింగ్ ఎలాగూ ఉంది.

కాసినో ఈ చేతుల్లో ఏ పక్షమూ కాదు, నిజమే. దానికి కావాల్సింది కూర్చున్నవాళ్లు కూర్చునే ఉండటం. ప్రతి పాట్‌లోంచి, అంటే ఒక చేతిలో అందరూ పెట్టిన పందెం మొత్తంలోంచి, రేక్ అనే తన వాటా తీసుకుంటుంది. పాట్‌కు నాలుగు డాలర్లు, గంటకు పాతిక పాట్లు అనుకుంటే ఆ టేబుల్ నుంచి గంటకు వంద డాలర్లు పోతాయి. ఆరు గంటలకు ఆరు వందలు, అంటే చెరి మూడు వందలతో కూర్చున్న ఇద్దరి మొత్తం పెట్టుబడి. డీలర్ టిప్పులు కాక.

ఈ ఖర్చు ఎవరికీ తెలియకపోవడానికి కారణం, ఎవరూ రాసుకోకపోవడం. గెలిచిన రాత్రి వాట్సాప్ గ్రూపులో చిప్స్ ఫోటో పడుతుంది. ఓడిన రాత్రి గ్రూపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఇప్పుడు రాసుకోక తప్పేలా లేదు. 2025 జూలైలో వచ్చిన అమెరికా పన్ను చట్టం ప్రకారం 2026 నుంచి జూదంలో పోయిన డబ్బులో 90 శాతమే తీసివేతకు చూపించుకోవచ్చు. ఏడాదిలో పది వేలు గెలిచి, పది వేలూ పోగొట్టుకున్నవాడు చేతికి పైసా రాకపోయినా వెయ్యి డాలర్ల మీద పన్ను కట్టాలి. క్యాష్ టేబుల్ దగ్గర ఈ లెక్క మనకు ఎవరూ రాసివ్వరు. అందుకని మావాడు ఫోన్‌లో పట్టీ మొదలుపెట్టాడు: తేదీ, చోటు, కూర్చున్న టైమ్, లేచిన టైమ్, తేడా. అర్ధరాత్రి లోపు లేచిన రోజులకూ తెల్లవార్లూ ఆడిన రోజులకూ తేడా ఎంతుందో చూద్దామని అడిగాను. పోల్చడానికి ఆ పట్టీలో అర్ధరాత్రి లోపు లేచిన రోజు ఒక్కటీ లేదు.