నూరేళ్ల విశ్వవిద్యాలయంలో తాత్కాలిక పరిశోధన

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం శతాబ్ది వేళ ర్యాంకులు, ఒప్పందాలు, పేటెంట్ల గురించి మాటలు చాలానే వినిపించాయి. ఆ విశ్వవిద్యాలయం నిజంగా ఏం కనిపెట్టింది, ఎలా కనిపెట్టగలిగింది అని అడిగినవారు తక్కువ. అడిగితే వచ్చే జవాబు ప్రభుత్వాలకు ఇబ్బందికరం కనుక కాబోలు.

పొలం గట్ల మీద మొలిచే నేల ఉసిరి సంగతే చూద్దాం. పచ్చకామెర్లకు పల్లెల్లో నూరి ఇచ్చే ఆ చేదు మొక్క నుంచి ఫిల్లాంథిన్ అనే పదార్థాన్ని వేరుచేసినట్లు రసాయనశాస్త్ర ఆచార్యుడు టి.ఆర్. శేషాద్రి బృందం 1946లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న విశాఖలోని వాల్తేరు నుంచి వెల్లడించింది. శేషాద్రి 1949లో ఢిల్లీ వెళ్లిపోయారు కానీ పని వాల్తేరులోనే నిలిచింది. 1960లలో ఎల్. రామచంద్రరావు బృందం ఆ అణువు నిర్మాణాన్ని తేల్చి, దాని జోడు పదార్థమైన హైపోఫిల్లాంథిన్‌నూ వెలికితీసింది. ఆకును ఎండబెట్టి, ద్రావణిలో మరిగించి, మిగిలిన జిడ్డులో స్ఫటికాలు కట్టేదాకా కాచుకుని, వాటిని కరిగించి మళ్లీ కట్టించి, అవి కరిగే ఉష్ణోగ్రత ఇక మారదని, అంటే పదార్థం శుద్ధమైందని తేలేదాకా అదే పని చేస్తూ పోయే రసాయనశాస్త్రం అది. నేల ఉసిరి మందుల నాణ్యతను పరీక్షించేటప్పుడు ప్రయోగశాలలు ఇప్పటికీ చూసే గుర్తు పదార్థాల్లో ఫిల్లాంథిన్ ఒకటి. ఒకే మొక్క, ఒకే శాఖ, రెండు తరాలు, ఇరవై ఏళ్లు! ఏ వార్షిక నివేదికలోనూ ఇమడని వ్యవధి ఇది.

సముద్రం విషయమూ అంతే. 1950లలో అమెరికా నుంచి వచ్చిన సముద్రశాస్త్రవేత్త యూజీన్ లఫాండ్‌తో కలిసి వాల్తేరు పరిశోధకులు తీరం వెంబడి నీటిని కొలిచారు. తీరానికి సమాంతరంగా వీచే నైరుతి గాలి పైనీటిని తీరం నుంచి సముద్రం లోపలికి నెడుతుంటే, అడుగున ఉన్న చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి వస్తోందని వివరించారు. చేపలకు మేత దొరికే తీరు తెలియాలంటే ఈ సంగతి తెలియాలి. బంగాళాఖాతం అడుగునున్న లోయల్లో ఒకదానికి ఆంధ్రా పేరు, మరొకదానికి భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్ పేరు ఉండటం ఆ రోజుల గుర్తే.

ఇప్పుడు అలాంటి పని ఎవరు చేయాలి? రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో శాఖలు ఏళ్ల తరబడి కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీద నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 3,220 పోస్టులకు ఇచ్చిన ప్రకటన కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. దీన్ని పాఠాలు చెప్పేవారి కొరతగా మాత్రమే చూడటం పొరపాటు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ పర్యవేక్షణ శాశ్వత అధ్యాపకులకే పరిమితం. ప్రొఫెసర్ వద్ద ఎనిమిది మంది, అసోసియేట్ వద్ద ఆరుగురు, అసిస్టెంట్ వద్ద నలుగురు పరిశోధకులు ఉండవచ్చు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. అంటే ఒక ప్రొఫెసర్ పోస్టును ఖాళీగా ఉంచడమంటే ఎనిమిది పరిశోధనల తలుపు మూయడమే. జీతాల పద్దులో మిగిలినట్లు కనిపించే సొమ్ముకు ఇదీ అసలు ధర. పైగా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేని పరిశోధకుడికి నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలోని పరిశోధకుడికి ఆ పథకం వర్తించదు.

ఈ లోటును కప్పిపుచ్చడానికి పేటెంట్ల లెక్క బాగా అక్కరకొస్తోంది. దరఖాస్తు చేసిన పద్దెనిమిది నెలలకు పేటెంట్ కార్యాలయం దాన్ని ఎలాగూ ప్రచురిస్తుంది; ఫారం 9తో అదనపు రుసుము కడితే ఇంకా ముందే. అప్పటికి అది నిజంగా కొత్తదేనా అన్న పరీక్షే జరిగి ఉండదు. విద్యాసంస్థలకు 2021 నుంచి రుసుముల్లో 80 శాతం రాయితీ కూడా ఉంది. ప్రచురణను మంజూరుగా చెప్పుకుని సన్మానాలు చేసుకోవడం మాత్రం మన సొంత ఆవిష్కరణ!

ర్యాంకులు లేని కాలంలో ఆచార్యులందరూ అహోరాత్రాలు శ్రమించారా అని అడిగేవారున్నారు. లేదు; నిద్రపోయినవారూ ఉన్నారు, జవాబుదారీతనం అవసరమే. కానీ ఉద్యోగమే లేనివాడిని ఏ కొలబద్దతో కొలుస్తారు?

అసలు మన పాలకులకు విజ్ఞానం అంటే బయటి నుంచి తెచ్చి నెలకొల్పేదే తప్ప, ఇక్కడ పెంచుకునేది కాదన్న నమ్మకం స్థిరపడిపోయింది. విశాఖలో ఒక పెద్ద ఐటీ సంస్థకు 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించినప్పుడు, ఉద్యోగాలు వస్తాయి కనుక ఇది పెట్టుబడి అన్నారు. ఆ తర్కాన్నే అదే నగరంలోని విశ్వవిద్యాలయానికి వర్తింపజేస్తే ఆర్థిక శాఖ ఎందుకు ఉలిక్కిపడుతుంది? కేంద్రమూ ఇదే దారిలో ఉంది. 2025లో ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన నిధి ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పులివ్వడానికి ఉద్దేశించింది. నేల ఉసిరి చేదు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఏ కంపెనీ అప్పు తెచ్చుకుని జవాబు వెతుకుతుంది? ఆ పని జీతమిచ్చే ప్రభుత్వమే చేయించాలి. శతాబ్ది పేరుతో రాష్ట్ర ప్రభుత్వం చేయగల మొదటి పని, కోర్టు చిక్కులు తేల్చి శాశ్వత నియామకాలు పూర్తిచేయడం. రెండోది, తన పరిశోధకుడికి కనీసం ఆ 8,000 రూపాయలైనా నెలనెలా ఇవ్వడం.