నగర మ్యూజియంలో కథ ఎవరు చెప్పాలి?

నగర మ్యూజియం అనగానే కత్తులు, నాణేలు, పాలకుల చిత్రపటాలే గుర్తొస్తాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ నగరాన్ని తమ రెక్కల కష్టంతో నిలబెట్టినవాళ్లు అక్కడ పెద్దగా కనిపించరు. ఈ లోటు తీర్చడానికి చాలా చోట్ల ఏడాదికోసారి ఓ సాంస్కృతిక దినోత్సవం జరిపి, నాలుగు నృత్యాలతో సరిపెట్టేస్తున్నారు. దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఏ వస్తువును దాచాలి, దాని కథ ఎవరు చెప్పాలి అనే దగ్గర ఆ జనానికి చోటివ్వాలి.

కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం ఈ పని చేసి చూపించింది. రకరకాల జాతులు, మతాల వాళ్లు కలిసి బతికిన డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో వర్ణవివక్ష ప్రభుత్వం శ్వేతజాతీయులకే అని ప్రకటించింది. తర్వాతి ఏళ్లలో 60 వేల మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి, ఇళ్లను నేలమట్టం చేసింది. 1994లో ఓ పాత చర్చిలో మొదలైన ఈ మ్యూజియంలో నేల మీద ఆ పేట మ్యాప్ పెద్దగా గీసి ఉంటుంది. పాత నివాసులు వచ్చి, తమ ఇల్లు ఉండిన చోట పేర్లు రాసుకున్నారు. అక్కడ వేలాడే వీధి బోర్డులను దాచింది కూడా కూల్చివేత పనుల్లో ఉన్న మనిషే! సందర్శకులు గుడ్డ మీద రాసిన జ్ఞాపకాలను దారంతో కుట్టి భద్రపరిచారు. నిపుణులు ఎంత చదివినా ఇవన్నీ వాళ్ల చేతికి దొరికేవి కావు.

న్యూయార్క్‌లో 97 ఆర్చర్డ్ స్ట్రీట్ భవనానిది ఇంకో దారి. 1863లో కట్టిన ఆ అద్దె ఇళ్లలో 1935 వరకు దాదాపు 7 వేల మంది ఉన్నారు. అక్కడి టెనెమెంట్ మ్యూజియం నిజంగా ఆ గదుల్లో బతికిన వలస కుటుంబాల కథలనే చెబుతుంది. గొప్ప వస్తువులు లేకపోయినా ఇరుకు గది, వంటిల్లు చాలు.

కార్యక్రమాల మాటకొస్తే, బెర్లిన్‌లో 2015లో మొదలైన ముల్తకా ప్రాజెక్టు నాకు బాగా నచ్చింది. సిరియా, ఇరాక్ నుంచి శరణార్థులుగా వచ్చినవారికి శిక్షణ ఇచ్చి అక్కడి మ్యూజియంలలో గైడ్లను చేశారు. నిన్నటిదాకా ఎవరి గురించి మాట్లాడారో, వాళ్లే ఇప్పుడు అరబిక్‌లో మాట్లాడుతూ జనాన్ని నడిపిస్తున్నారు.

ఇలాంటివి ఒక గ్రాంటుతో మొదలై, ఆ డబ్బు అయిపోగానే ఆగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఈ గైడ్ల జీతం, జ్ఞాపకాలను రికార్డు చేసే ఖర్చు మ్యూజియం రోజువారీ బడ్జెట్‌లోనే ఉండాలి. కొత్తగా ఏ వస్తువు తీసుకోవాలో తేల్చే కమిటీలో ఆయా పేటల వాళ్లకు ఓటు కూడా ఇవ్వాలి.