అడవి లెక్కలో మంచు కరిగే రోజులు

అడవి అనగానే కార్బన్‌ను పీల్చుకునే చెట్లే గుర్తుకొస్తాయి. వాటి కింది నేల వదిలే నైట్రస్ ఆక్సైడ్ ఊసు అరుదుగా వినిపిస్తుంది. నూరేళ్ల కాలానికి చూస్తే, ఈ వాయువు బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పైగా ఓజోన్ పొరకూ చేటు.

దీన్ని పుట్టించేది మట్టిలోని సూక్ష్మజీవులు. గాలి ఆడే చోట కొన్ని అమ్మోనియం అనే నత్రజని సమ్మేళనాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆక్సిజన్ అందని తడిలో మరికొన్ని ఆ నైట్రేట్‌తోనే శ్వాసిస్తాయి. రెండు పనుల్లోనూ నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. మట్టి రంధ్రాలు నీటితో సగానికి మించి నిండినా పూర్తిగా మునగని దశలో దాని జోరు ఎక్కువ. నేల బురదైతే వాయువు పైకి రాలేక, చాలావరకు లోపలే హానిలేని నత్రజనిగా మారిపోతుంది.

ఏడాది పొడవునా ఆకు రాలి త్వరగా కుళ్లే అమెజాన్, కాంగో వంటి వర్షారణ్యాల్లో ఈ వాయువు ఎక్కువగా వెలువడుతుంది. అక్కడి పాత నేలల్లో సాధారణంగా కొరత భాస్వరానిది, నత్రజనిది కాదు. ఇంతవరకు పేచీ లేదు. కానీ దీన్నిబట్టి ‘వేడి ఉంటే ఎక్కువ, చలి ఉంటే శూన్యం’ అని తీర్మానించడం దగ్గరే నాకు అభ్యంతరం.

జర్మనీలోని హోగ్ల్‌వాల్డ్ అనే స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకుల చెట్లు) అడవిలో 1990ల నుంచి సాగిన కొలతలు వేరే సంగతి చెబుతున్నాయి. నేల గట్టిగా గడ్డకట్టిన ఏడాదుల్లో, మొత్తం ఉద్గారంలో సగానికి పైగా శీతకాలం, మంచు కరిగే కాలాల్లోనే వెలువడింది. గడ్డకట్టినప్పుడు కొన్ని సూక్ష్మజీవులు, సన్నని వేళ్లు చస్తాయి. మంచు కరగగానే మిగిలినవి ఆ విందు మీద పడతాయి. వేసవిలో వారానికోసారి నేల మీద పెట్టె బోర్లించి, సిరంజితో గాలి నమూనా తీసుకునే పరిశోధకుడికి ఇది కనిపించే అవకాశమే లేదు. పొడి ఉష్ణమండల అడవుల్లో తొలకరి పడిన గంటల్లోనే ఎగసే ఉద్గారానిదీ అదే కథ.

ఇంకా ఉత్తరానికి పోతే, నత్రజని కరవైన మామూలు అడవి నేల దాదాపు ఏమీ వదలదు. కలప కోసం కాలువలు తవ్వి నీరు తోడేసిన ఫిన్లాండ్ పీట్ నేలల్లో (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న నేలలు) మాత్రం, ముఖ్యంగా నత్రజని దండిగా ఉన్న చోట, ఉద్గారం బాగా పెరుగుతుంది. ఆ నిందను చలి మీదకు నెట్టలేం.

శీతల ప్రాంతాలు వేడెక్కితే ఈ శీతకాలపు ఎగసిపాటు తగ్గుతుందనుకోవడమూ తొందరపాటే. నేలకు దుప్పటిలా ఉండే మంచు పలచబడితే, చలి మట్టిలోకి మరింత లోతుగా దిగవచ్చు. అందుకే వాతావరణ మండలాలవారీ సగటుతో సరిపెట్టుకోకుండా, ఏడాదంతా పనిచేసే స్వయంచాలక కొలత పెట్టెలకు డబ్బు కేటాయించాలి. వాహనాల పొగ, పొలాల అమ్మోనియా మోసుకొచ్చి అడవిపై కురిపిస్తున్న నత్రజనిని తగ్గించడానికి మాత్రం ఆ కొలతలు పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు.